పగటి దివిటీలు: మోటారు బండ్లు పట్టపగలు దీపములు వెలిగించిన చరిత్ర

పూర్వము రాజులును, జమీందారులును ఊరేగునపుడు వారి ముందు పట్టపగలు దివిటీలు పట్టించెడి ఆచారము కలదు. ఆ దివిటీ దారి చూపుటకు కాదు. సూర్యుడుండగా దారి కనబడక పోదు. ఫలానావారు వచ్చుచున్నారని దూరముననే జనులకు తెలియజేయుటకే అది. దీపమునకు రెండు ప్రయోజనములు కలవని ఈ ఆచారము వలన తెలియుచున్నది. ఒకటి చూచుట, రెండవది కనబడుట. రాత్రివేళ మోటారు బండి ముందు వెలుగు దీపము ప్రధానముగా మొదటి పని చేయును. పగటివేళ వెలిగించిన దీపము రెండవ పని మాత్రమే చేయును.

ఈ రెండవ పని కొరకు పగలు కూడ బండ్ల దీపములు వెలిగించవలెనా అను ప్రశ్న అరువది సంవత్సరములకు పైగా చర్చలో నున్నది. కొన్ని దేశములు శాసనము చేసినవి. ఒక దేశము శాసనము చేసి, రెండేండ్లు దాటగనే రద్దు చేసినది. మనుష్యుల ప్రాణములకు సంబంధించిన ఒక చిన్న ప్రశ్నకు సమాధానము చెప్పుట ఎంత కష్టమో ఈ చరిత్ర చక్కగా తెలుపును.

కన్ను దేనిని చూచును?

వస్తువు పెద్దదైనంత మాత్రమున కంటబడదు. దాని వెలుగునకును, దాని వెనుకనున్న దృశ్యము వెలుగునకును తేడా ఉండవలెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియెర్ బుగేర్ ఈ తేడాను కొవ్వొత్తులతో కొలిచెను. రెండు వెలుగుల మధ్య సుమారు 64లో ఒక వంతు తేడా ఉన్నచో కన్ను దానిని గుర్తించగలదని అతడు కనుగొనెను. అతని గ్రంథము అతడు మరణించిన పిమ్మట 1760లో వెలువడినది. తేడా ఎంత అన్నది కాక, ఉన్న వెలుగులో ఎన్నవ వంతు అన్నదే ముఖ్యమని దీని సారము. చీకటిగదిలో అగ్గిపుల్ల వెలిగించిన గది యంతయు మారిపోవును. మిట్టమధ్యాహ్నము ముంగిట వెలిగించిన అది వెలుగుచున్నదో లేదో దగ్గరగా చూచిన గాని తెలియదు.

బూడిదరంగు బండి తారు రోడ్డుపై మబ్బు పట్టిన దినమున వచ్చునపుడు, బండికిని రోడ్డునకును వెలుగులో తేడా చాల స్వల్పము. చెట్లనీడలో వచ్చు ఆకుపచ్చని బండియు అంతే. ఇట్టి సందర్భములలో దీపము ఎంత తోడ్పడునో చిన్న లెక్క వేసి చూడవచ్చును.

నేడు పగటి దీపముగా అంగీకరింపబడిన దీపము కాంతి తీవ్రత 400 కాండెలాలకు తక్కువ కాకుండవలెను. దాని ముఖ వైశాల్యము 100 చదరపు సెంటీమీటర్లు అనుకొందము. అనగా చదరపు మీటరులో నూరవ వంతు. 400ను ఈ వైశాల్యముచే భాగించిన, చదరపు మీటరునకు 40,000 కాండెలాల ప్రకాశము వచ్చును. మండుటెండలో నేలపై బడు వెలుగు సుమారు 1,00,000 లక్సులు. తారు రోడ్డు దానిలో పదవ వంతును మాత్రమే వెనుకకు చిమ్మును అనుకొన్నచో, రోడ్డు ప్రకాశము చదరపు మీటరునకు సుమారు 3,000 కాండెలాలు. కనుక దీపము రోడ్డు కంటె 13 రెట్లు ప్రకాశవంతము. మబ్బు పట్టి వెలుగు 10,000 లక్సులకు తగ్గినచో రోడ్డు ప్రకాశము కూడ పదవ వంతు అగును. దీపము మాత్రము తగ్గదు. అప్పుడది రోడ్డు కంటె 130 రెట్లు ప్రకాశవంతముగా ఉండును.

దీనినిబట్టి రెండు విషయములు స్పష్టమగుచున్నవి. మొదటిది, పగటి దీపము ఎండలో పూర్తిగా నిష్ప్రయోజనము కాదు. రెండవది, సంధ్యవేళలను, మబ్బు దినములను, పొగమంచును దాని ఉపయోగము అనేక రెట్లు పెరుగును. ఈ రెండవ విషయము ముందు ముందు మనకు మిక్కిలి అవసరమగును.

దీపము వస్తువును దాచగలదు

ఇచ్చట ఒక వింత సంగతి చెప్పవలసియున్నది. దీపము ఉన్నంత మాత్రమున వస్తువు బాగుగా కనబడునని అనుకొనుట పొరపాటు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా నౌకాదళము వారు జలాంతర్గాములపై దాడి చేయు విమానముల ముందుభాగమున దీపములు అమర్చి 1943 ప్రాంతమున పరీక్షలు చేసిరి. ఆకాశమునకు ఎదురుగా చూచినపుడు విమానము నల్లని చుక్కవలె కనబడును. దీపముల వెలుగును ఆకాశపు వెలుగుతో సరిగా సమానము చేసినచో ఆ నలుపు మాయమగును. దీపములు లేనపుడు 12 మైళ్ళ దూరముననే కనబడిన విమానము, దీపములు వెలిగించినపుడు 2 మైళ్ళ లోపునకు వచ్చిన గాని కనబడలేదు.

ఈ పరీక్ష మన ప్రశ్నకు వ్యతిరేక సాక్ష్యము కాదు. బుగేర్ సూత్రమునకు మరొక నిదర్శనము. దీపము తేడాను పెంచినపుడు వస్తువును చూపును, తేడాను చెరిపినపుడు దాచును. కనుక పగటి దీపము వెలుగు ఎంత ఉండవలెనో నిర్ణయించుట ఇంజనీర్లకు ముఖ్యమైన పని అయినది. తక్కువైన పనికిరాదు, ఎక్కువైన ఎదుటివాని కన్ను మిరుమిట్లు గొలుపును.

టెక్సాస్‌లో ఆరంభము

పగలు దీపములు వెలిగించి నడుపుడని ప్రజలకు బోధించు ఉద్యమము 1961లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున ఆరంభమైనది. దీపము వెలిగించి నడుపుము, బ్రతుకుము అనునది దాని నినాదపు భావము. ఆ రోజులలోనే గ్రేహౌండ్ బస్సుల సంస్థవారు తమ బస్సులను పగలు దీపములతో నడిపిరి. ఇండియానా విశ్వవిద్యాలయమున నేత్రదృష్టి శాస్త్రమును బోధించిన మెరిల్ ఆలెన్ ఈ విషయమును పరిశోధించి, 1964లో తన ఫలితములను ప్రకటించెను. న్యూయార్కు రేవు అధికార సంస్థవారు తమ బండ్లలో కొన్నింటిని పగలు చిన్న దీపములతో నడిపి, తక్కిన బండ్లతో పోల్చి చూడగా, దీపములున్న వాటికి ప్రమాదములు సుమారు 18 శాతము తక్కువగా ఉన్నట్లు తేలినది.

ఈ ఫలితములు ఆశాజనకములే. కాని ఒక సంస్థ బండ్లు, ఒక ఊరి రోడ్లు, కొద్దికాలము—ఇంతటితో ఒక దేశము శాసనము చేయజాలదు. మరియొక సందేహమును కలదు. నూరు బండ్లలో అయిదింటికి మాత్రమే దీపములున్నపుడు ఆ అయిదు కొట్టవచ్చినట్లు కనబడును. నూరింటికిని దీపములున్నపుడు ఆ ప్రత్యేకత నిలుచునా? ఈ ప్రశ్నకు సమాధానము ఒక దేశమంతయు దీపములు వెలిగించిన గాని తెలియదు.

ఉత్తర దేశముల ప్రయోగము

అట్లు వెలిగించిన మొదటి దేశము ఫిన్లండు. 1972లో ఆ దేశమువారు శీతకాలమున ఊళ్ళ వెలుపలి రోడ్లపై పగలు కూడ దీపములు వెలిగించవలెనని శాసించిరి. 1982లో ఆ నియమము సంవత్సరమంతటికిని, 1997లో పట్టణములకును వ్యాపించినది. స్వీడను 1977 అక్టోబరు 1వ తేదీన అన్ని కాలములకును, అన్ని రోడ్లకును వర్తించు శాసనము చేసినది. నార్వే 1985లో క్రొత్త కార్లకును, 1988లో అన్ని కార్లకును. డెన్మార్కు 1990 అక్టోబరులో ఈ నియమమును పెట్టినవి. అట్లాంటికునకు ఆవల కెనడా 1989 డిసెంబరు నుండి తయారగు క్రొత్త బండ్లన్నింటికిని, ఇంజను తిరిగినంతసేపు తమంతట తామే వెలుగు దీపములుండవలెనని నిర్ణయించినది.

ఈ దేశములన్నియు భూగోళమున ఉత్తరముగా ఉన్నవని విద్యార్థులు పటము తెరచిన వెంటనే గుర్తింతురు. ఇది కాకతాళీయము కాదు. హెల్సింకి నగరము 60 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. డిసెంబరు 22 ప్రాంతమున అచ్చట మిట్టమధ్యాహ్నము కూడ సూర్యుడు క్షితిజమునకు 6 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండును. అదే దినమున హైదరాబాదులో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తునకు వచ్చును. మనకు సాయంసంధ్యవేళ ఉండునంతటి వెలుగే ఫిన్లండువారికి శీతకాలపు మధ్యాహ్నము. హాలండు దేశపు రోడ్డుభద్రతా పరిశోధన సంస్థకు చెందిన కూర్న్‌స్ట్రా, అతని సహచరులు 1997లో పలుదేశముల ఫలితములను పోల్చి, అక్షాంశము పెరిగిన కొలది పగటి దీపము వలన లాభము పెరుగుచున్నదని చూపిరి. మనము పైన వేసిన లెక్కకును దీనికిని పొందిక కలదు.

లెక్కలలో చిక్కు

శాసనములు వచ్చిన తరువాత పరిశోధకులు ప్రమాదముల లెక్కలు తీసిరి. పగటివేళ రెండు బండ్లు, లేక బండియు మనిషియు ఢీకొను ప్రమాదములు ఫిన్లండులో 21 శాతము, స్వీడనులో 11 శాతము తగ్గినవని ప్రకటించిరి. ఈ అంకెలు ఎట్లు వచ్చినవో తెలిసికొనుట లాభకరము.

ఒక ఊహా ఉదాహరణము తీసికొందము. ఒక దేశమున శాసనమునకు ముందు సంవత్సరము పగటిపూట 1,000 ఢీకొను ప్రమాదములు జరిగినవి. తరువాతి సంవత్సరము 850 జరిగినవి. 15 శాతము తగ్గినవని సంతోషింపవచ్చునా? తొందరపడరాదు. ఆ సంవత్సరమే పెట్రోలు ధర పెరిగి ప్రయాణములు తగ్గియుండవచ్చును. వేగ పరిమితి తగ్గించి యుండవచ్చును. 1973 చివర చమురు సంక్షోభము వచ్చినపుడు ఐరోపాలో పలుచోట్ల ఇదే జరిగినది. ఫిన్లండు శాసనము వచ్చి అప్పటికి ఒక్క ఏడే గడచినది.

ఈ చిక్కు విడదీయుటకు పగటి దీపము వలన మార్పు పొందని ప్రమాదములను తోడు నిలుపుకొందురు. రాత్రి ప్రమాదములు అట్టివి. రాత్రి దీపములు ముందును వెలుగుచుండెను, తరువాతను వెలుగుచుండెను. మన ఉదాహరణములో రాత్రి ప్రమాదములు 400 నుండి 360కి తగ్గినవనుకొందము. అనగా ఇతర కారణముల వలననే 10 శాతము తగ్గినవి. ఆ లెక్కన శాసనము లేకున్నను పగటి ప్రమాదములు 900 అయి యుండెడివి. నిజముగా జరిగినవి 850. దీపము చేసిన మేలు 900లో 50, అనగా ఇంచుమించు 5.5 శాతము. 15 శాతము కాదు.

ఇదే లెక్కను ఇంకొక విధముగా చూడుడు. రాత్రి ప్రమాదములు వేరే ఏదో కారణము చేత 400 నుండి 440కి పెరిగినవనుకొందము. అప్పుడు పగటి ప్రమాదములు 1,100 కావలసి యుండెను, 850 అయినవి, కావున మేలు 23 శాతము అని లెక్క చెప్పును. పగటి ప్రమాదముల సంఖ్య మారలేదు. పోలికకు నిలిపిన సంఖ్య మారగానే ఫలితము నాలుగు రెట్లయినది! హాలండు పరిశోధకులు థేవెస్, రీమెర్స్మా 1995లో స్వీడను లెక్కలను తిరిగి పరిశీలించి, ఆ ఫలితము గణనపద్ధతిపై మితిమీరి ఆధారపడియున్నదనియు, దానిని గట్టి నిదర్శనముగా గ్రహింపరాదనియు వాదించిరి.

ఒక్క కొలతలో తప్పు ఉండవచ్చును. అనేక కొలతల సగటులో ఆ తప్పులు కొంత వరకు పరస్పరము రద్దగును. ప్రయోగశాలలో విద్యార్థులు లోలకపు డోలనకాలమును పలుమారులు కొలుచుట ఇందుకే. ఓస్లో నగరమున రవాణా ఆర్థిక పరిశోధన సంస్థలోని రూనె ఎల్విక్ ఈ మార్గమునే పట్టెను. వివిధ దేశములలో జరిగిన 17 పరిశోధనలను కూర్చి 1996లో అతడు తేల్చిన దేమనగా: పగలు దీపము వెలిగించిన కారునకు పగటివేళ ఢీకొను ప్రమాదములు 10 నుండి 15 శాతము తగ్గును, దేశమంతటికిని శాసనము చేసినచో అట్టి ప్రమాదముల మొత్తము 3 నుండి 12 శాతము తగ్గును. శాసనమునకు ముందే కొందరు స్వచ్ఛందముగా దీపములు వెలిగించుచుందురు గనుక, శాసనము వలన కొత్తగా కలుగు మేలు అంతకంటె తక్కువగా నుండుట సహజమే.

అన్ని చోట్లను ఫలితము ఇట్లే రాలేదు. జెనరల్ మోటార్స్ సంస్థవారు పగటి దీపములను తప్పనిసరి చేయుడని 2001లో అమెరికా ప్రభుత్వమును కోరిరి. ప్రభుత్వ రోడ్డుభద్రతా శాఖవారు జరిపించిన పరిశోధన 2008లో వెలువడినది. మొత్తముమీద చెప్పుకోదగిన మార్పు కనబడలేదని అది పేర్కొన్నది. 2009లో ఆ కోరిక త్రోసివేయబడినది. అమెరికాలో అధికభాగము ఫిన్లండునకు చాల దక్షిణముగా నున్నదని ఇచ్చట జ్ఞాపకముంచుకొనవలెను.

ఆస్ట్రియా ఎందుకు వెనుకకు తగ్గినది?

ఆస్ట్రియా 2005 నవంబరు 15వ తేదీన పగటి దీపములను తప్పనిసరి చేసి, 2008 జనవరి 1వ తేదీన ఆ నియమమును ఎత్తివేసినది. ప్రత్యర్థుల వాదములు కొట్టివేయదగినవి కావు. కార్లన్నియు దీపములతో వచ్చునపుడు, దీపము లేని పాదచారిని, సైకిలు తొక్కు బాలుని డ్రైవరు కన్ను విస్మరించునేమో అన్నది మొదటిది. మనుష్యుని శ్రద్ధ పరిమితమైనది; దీపము దానిని తనవైపునకు లాగికొన్నచో మిగిలినవారికి దక్కునది తగ్గును. కారు దీపము వలన కారులోనివానికి కలుగు లాభము, రోడ్డు ప్రక్క నడచువాని నష్టము కారాదు గదా!

రెండవ వాదము ఇంధనమునకు సంబంధించినది. రాత్రి వెలుగు రెండు హాలోజెను దీపములు ఒక్కొక్కటి 55 వాట్ల చొప్పున 110 వాట్లు తీసికొనును. వాటితోపాటు వెనుక దీపములు, నంబరు పలక దీపము వెలుగును. ఈ విద్యుత్తు ఊరక రాదు. ఇంజను త్రిప్పు జనరేటరు నుండి, అనగా పెట్రోలు నుండియే రావలెను. ఒక బండికి అది స్వల్పమే; కోట్ల బండ్లకు స్వల్పము కాదు.

ఈ రెండవ వాదమునకు సమాధానము వాదన వలన గాక సాంకేతిక విద్య వలన వచ్చినది. రాత్రి దీపమును పగలు వాడుటకు బదులు, పగటికే ప్రత్యేకమైన చిన్న దీపము తయారుచేసిరి. అది రోడ్డుపై వెలుగు పరచనవసరము లేదు. ఎదుటివానికి కనబడిన చాలును. దాని తీవ్రత 400 నుండి 1,200 కాండెలాల మధ్య నుండవలెనని అంతర్జాతీయ నియమము. కాంతినిచ్చు డయోడులు, అనగా ఎల్.ఇ.డి.లు, వచ్చిన తరువాత ఈ దీపములకు కావలసిన విద్యుత్తు మిక్కిలి తగ్గినది. ఐరోపా సమాజము 2011 ఫిబ్రవరి 7వ తేదీ నుండి క్రొత్త నమూనా కార్లకును, 2012 ఆగస్టు నుండి లారీలకును, బస్సులకును ఇట్టి దీపములను తప్పనిసరి చేసినది.

రెండు చక్రముల బండి

ఇంతవరకు కార్ల చర్చ. మోటారు సైకిలు విషయమున అభిప్రాయభేదము ఇంతగా లేదు. కారణము సులభము. మోటారు సైకిలు ముందునుండి చూచిన కారులో సగము వెడల్పయినను ఉండదు. చిన్నదిగా కనబడు వస్తువు దూరముగా నున్నదని మనస్సు భ్రమపడును. కూడలిలో మలుపు తిరుగబోవు కారు డ్రైవరు దానిని చూడకపోవుటయో, చూచియు ఇంకను సమయమున్నదని అనుకొనుటయో జరుగును. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన హ్యారీ హర్ట్, అతని బృందము లాస్ ఏంజెలిస్ ప్రాంతమున 900 మోటారు సైకిలు ప్రమాదములను స్థలమునకు పోయి పరిశీలించి 1981లో నివేదిక నిచ్చిరి. మోటారు సైకిలును మరియొక బండి ఢీకొన్న ప్రమాదములలో మూడింట రెండు వంతులు, ఎదుటి బండి దారి ఇవ్వవలసియుండి ఇవ్వకపోవుట వలన జరిగినవే. ఎదుటివారికి మోటారు సైకిలు కనబడకపోవుటయే అట్టి ప్రమాదములకు ముఖ్యకారణమని వారు తేల్చిరి.

ఉత్తర దేశముల ఫలితములు ఉష్ణమండలమునకు పనికివచ్చునా అను ప్రశ్నకు మలేషియా సమాధానమిచ్చినది. ఆ దేశము భూమధ్యరేఖకు దాపుననే ఉన్నది. మోటారు సైకిళ్ళు మెండు. 1992లో అచ్చట మోటారు సైకిళ్ళు పగలు దీపములు వెలిగించవలెనని శాసించిరి. రాడిన్ ఉమర్, అతని సహచరులు 1996లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, కనబడకపోవుట వలన జరుగు మోటారు సైకిలు ప్రమాదములు సుమారు 29 శాతము తగ్గినవి. ఎండ మెండుగా ఉన్నచోటను చిన్నబండికి దీపము మేలుచేయగలదని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున ఈ విషయమునకు గల ప్రాధాన్యము ఒక అంకె చెప్పును. 2022లో భారతదేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 44.5 శాతము ద్విచక్ర వాహనములపై పోవుచున్నవారే. అంతకు ముందే, 2017 ఏప్రిల్ 1వ తేదీ నుండి, మన దేశమున తయారగు ద్విచక్ర వాహనములన్నింటికిని ఇంజను తిరిగినంతసేపు ముందు దీపము తనంతట తానే వెలుగవలెనను నియమము అమలులోనికి వచ్చినది. దీపమును ఆర్పు మీట బండిపై నుండరాదు. మరచిపోవుట మనుష్య స్వభావము గనుక, మరచిపోవుటకు వీలులేని ఏర్పాటు చేసిరి.

ఈ నియమము వచ్చిన క్రొత్తలో మన రోడ్లపై ఒక వేడుక కనబడెడిది. పగలు దీపము వెలుగుచున్న బండిని చూచి, ఎదురుగా వచ్చువారు చేతివ్రేళ్ళు మూసి తెరచి సైగచేయుచు, "దీపము ఆర్పుట మరచితివి" అని హెచ్చరించెడివారు. వారి ఉద్దేశము మంచిదే. కాని ఆ సైగయే దీపము సార్థకమైనదని సాక్ష్యమిచ్చినది. ఎదుటివాడు బండిని చూచెను. చూచినట్లు చేయెత్తి చెప్పెను. దీపము కోరినది అంతకు మించి లేదు.

నిర్ణయము ఎట్లు చేయవలెను?

ఒక నిముసము పాఠశాల లెక్కకు వత్తము. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చుచున్నవి. వాటి మధ్య దూరము సెకనుకు 44 మీటర్ల చొప్పున తరుగును. దీపము వలన ఒకడు రెండవవానిని రెండు సెకన్లు ముందుగా చూచినచో 88 మీటర్లు మిగిలినట్లే. ముందు పోవు లారీని దాటవలెనా, ఆగవలెనా అని ఆలోచించుటకు ఆ 88 మీటర్లే ఆధారము. పగటి దీపమునకు గల శక్తి యంతయు ఈ రెండు సెకన్లలోనే ఉన్నది.

అయినను ఆ శక్తికి హద్దులు కలవు. అది నిద్రమత్తులో నున్న డ్రైవరును మేల్కొలుపదు. త్రాగి నడుపువానిని ఆపదు. మితిమీరిన వేగమును తగ్గింపదు. దీపము లేనివారి పట్ల దీపమున్నవాని బాధ్యత దానివలన తీరదు, పైపెచ్చు పెరుగును. పగలు దీపములు వెలిగించవలెనా అను ప్రశ్నకు అన్ని దేశములకును, అన్ని బండ్లకును చెల్లు ఒక్క సమాధానము లేదు. సూర్యుడు దిగువన నుండు దేశములలో కార్లకు అది మేలు చేసినట్లు నిదర్శనములు కలవు. ఎండ కాయు దేశములలో కార్లకు ఆ మేలు సందేహాస్పదము. రెండు చక్రముల బండికి మాత్రము ఉష్ణమండలముననే దాని మేలు రుజువైనది.

పగటి దివిటీ ఒకప్పుడు పెద్దవారికి గౌరవచిహ్నము. నేడు అది పాలు పోయుటకు పోవువానికిని, కళాశాలకు పోవు విద్యార్థికిని, పొలము నుండి మరలివచ్చు రైతునకును దక్కినది. ఫలానావారు వచ్చుచున్నారు, చూచుకొనుడు అని ముందుగా చాటుట నాడును నేడును దాని పని. బండిలో అతి చిన్నవాడెవడో వానికే ఆ చాటింపు ఎక్కువ అవసరమని మాత్రము శాస్త్రము తేల్చినది.